సరోనిక్ గల్ఫులో అద్దె యాట్: రేవులో బాగుంది, గాలి లేస్తే బాలేదు

యాట్ (తెరచాప, ఇంజను రెండూ ఉన్న పడవ) అద్దెకిచ్చిన కంపెనీ బ్రోషర్లో పెద్ద అక్షరాలతో "కేటగిరీ ఏ, మహాసముద్ర ప్రయాణానికి అర్హత గలది" అని ఉంది. 45 అడుగుల పొడవు, నాలుగు కాబిన్లు, ఎనిమిది మందికి పడకలు, ఏసీ. మ్యూనిక్ నుంచి మేము ముగ్గురం, మా అక్కావాళ్ళు నలుగురు కలిసి జూలైలో వెళ్ళాం. గ్రీసులో ఏథెన్సు పక్కన, సరోనిక్ గల్ఫు ఒడ్డున ఉన్న అలిమోస్ మెరీనాలో (పడవల రేవులో) శనివారం ఎక్కడం, మళ్ళీ శనివారం దిగడం. పడవకి 4,300 యూరోలు. మాలో ఎవరికీ లైసెన్సు లేదు కాబట్టి పడవ నడిపే స్కిప్పర్‌కి రోజుకి 200, ఆయన భోజనం కూడా మన ఖర్చే. చివర్లో శుభ్రం చేసినందుకు 220. డీజిల్, ఒడ్డుకి వెళ్ళే చిన్న రబ్బరు పడవ ఇంజను, రేవు ఫీజులు, గ్రీసు ప్రభుత్వ పన్ను కలిపి ఇంకో 480. మొత్తం 6,400 అయింది. కార్డు మీద పట్టి ఉంచిన 3,000 డిపాజిట్ మాత్రం పేచీ లేకుండా వదిలేశారు.

ఇంత డబ్బు తీసుకున్నవాళ్ళు ఈ పడవ దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో ఒక్క ముక్క చెప్పలేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మొదటి దెబ్బ పడకల లెక్క. ఎనిమిది మంది అంటే స్కిప్పర్‌తో కలిపి. ఆయనకి ఒక కాబిన్ ఇవ్వాలి, ఇవ్వడమే న్యాయం, రోజంతా ఎండలో నిలబడే మనిషి. మిగిలినవి మూడు. పిల్లల్లో ఇద్దరు వారమంతా పడవ మధ్య హాల్లో సోఫా మీదే పడుకున్నారు.

రెండోది ఏసీ. ఉంది, కాదనను. కానీ రేవులో కరెంటు తీగ తగిలించినప్పుడే పనిచేస్తుంది. మా పడవలో జనరేటర్ లేదు, బ్యాటరీల మీద అది నడవదు. లంగరు వేసుకున్న మొదటి రాత్రి వెనక కాబిన్లలో ఊపిరాడలేదు. "ఏసీ ఉందని డబ్బులు కట్టించుకున్నారు కదరా, ఇదేంటి?" అని అక్క అర్ధరాత్రి దిండు పట్టుకుని పైకొచ్చేసింది. లంగరు మీద పడవ ముక్కు గాలికి ఎదురు తిరిగి ఉంటుంది కాబట్టి ముందు కాబిన్‌కి పై కిటికీలోంచి గాలి బాగా వస్తుంది. వెనక కాబిన్ల కిటికీలు చిన్నవి, గాలి తిరగదు. పెద్ద మంచాలు చూసి వెనకవాటికి ఆశపడకండి.

ఏజినా, హైడ్రా దీవులు హాయిగా గడిచిపోయాయి. హైడ్రాలో జనం తిరిగే మోటారు బళ్ళు లేవు, సామాన్లు గాడిదల మీదే. ఏజినాలో పిస్తా కొనకుండా రాకండి. అక్కడే పెర్దికా ఊళ్ళో ఒడ్డునే ఉన్న హోటల్లో కాల్చిన ఆక్టోపస్ తిన్నాం. ఏడుగురికి 118 యూరోలు, ఒక్క ముక్క మిగల్లేదు. చేప వాసనంటేనే పడని మా ఆవిడ రెండో ప్లేటు అడిగింది.

రేవులో, ప్రశాంతమైన నీళ్ళలో ఈ పడవకి వంక పెట్టలేను. వెనకభాగం దాదాపు మధ్యభాగమంత వెడల్పుగా ఉంటుంది. రెండు స్టీరింగ్ చక్రాలు, వాటి మధ్యలోంచి నేరుగా నీళ్ళలోకి దిగే దారి, కిందికి వాలే పెద్ద చెక్క పలక. పిల్లలు పొద్దున్న లేచింది మొదలు దాని మీదే. ఏడుగురం ఒకే బల్ల చుట్టూ కూర్చుని భోంచేశాం. అప్పటిదాకా బావంత సంతోషంగా ఉన్న మనిషి గ్రీసులో ఇంకొకరు లేరు.

ఆ వెడల్పుకి మూల్యం పోరోస్ దీవిలో తెలిసింది. ఊరి ముందు రేవుకి వెనక వైపు ఆనించి కట్టాం. దాటిపోయే ప్రతి ఫెర్రీ లేపిన అల ఆ చదును అడుగు కిందకి దూరి ధబీమని కొడుతుంది. సరిగ్గా తలగడ కింద. పడవ అడుగు అక్కడ లోతుగా కాకుండా పళ్ళెంలా చదునుగా ఉంటుంది, పెద్ద మంచాలు పట్టేది ఆ చదును వల్లే. మూడింటిదాకా ఎవరికీ నిద్ర లేదు.

కట్టడం కూడా తేలిక కాదు. ఇంత వెడల్పున్న పడవ గాలికి ఒరిగితే ఒక పక్క వెనకభాగం నీటి పైకి లేస్తుంది. నడుమ ఒక్కటే చుక్కాని ఉంటే పట్టు తప్పుతుంది. అందుకని రెండు చుక్కానులు పెడతారు. అప్పుడు ప్రొపెల్లర్ తోసే నీరు రెండింటి మధ్యలోంచి పోతుంది, దేనికీ తగలదు. దాంతో రేవులో నెమ్మదిగా వెళ్ళేటప్పుడు పడవ మాట వినదు. ముందువైపు పక్కకి తోసే చిన్న మోటారు లేకపోతే మా స్కిప్పర్‌కి కూడా చెమటలు పట్టేవి. లైసెన్సు ఉన్నవాళ్ళు సొంతంగా తీసుకుంటే ఆ మోటారు ఉందో లేదో ముందు అడగండి.

అసలు కథ తిరుగు ప్రయాణంలో. ఏజినా నుంచి అలిమోస్‌కి ఈశాన్యంగా రావాలి. ఆ రోజు గాలి కూడా అటు నుంచే, గాలి బలాన్ని కొలిచే బోఫోర్ట్ స్కేలు మీద 5, అప్పుడప్పుడు 6. అలలు పెద్దవి కావు, కానీ పొట్టిగా, దగ్గరదగ్గరగా వస్తున్నాయి. ఇంజను మీద ఎదురెళ్తుంటే పడవ ముక్కు ప్రతి మూడో అలకీ లేచి పడుతోంది. పడినప్పుడల్లా అల్మారాల్లో గ్లాసులు గల్లుమంటున్నాయి. దెబ్బలు తగ్గుతాయని స్కిప్పర్ తెరచాప సగం విప్పి పడవని కొంచెం పక్కకి తిప్పాడు. దెబ్బలు తగ్గాయి. పడవ ఒక పక్కకి ఒరిగింది.

అప్పుడే చిన్నవాడికి వాంతులు మొదలయ్యాయి. అల్లం టీ పెడతానని అక్క కిందకి దిగింది. ఈ పడవలో వంటగట్టు పక్క గోడ వెంట తిన్నగా ఉంటుంది, ఎదురు సోఫాకి మధ్య పెద్ద ఖాళీ. ఫొటోల్లో ఆ ఖాళీయే అందం. పాత పడవల్లో వంటగట్టు మూడు వైపులా చుట్టి ఉంటుంది, నడుం ఆనించి నిలబడొచ్చు. ఇక్కడ పొయ్యి ఊగుతూ తనని తాను సరిచేసుకుంటోంది, గిన్నెలో టీ తొణకలేదు. నిలబడ్డ మనిషికే ఆధారం లేదు. పైకప్పుకి పట్టుకునే కమ్మీలున్నాయి, ఆరడుగుల వాళ్ళకి అందేలా. అక్క ఐదడుగులు. తర్వాతి అలకి అటు గట్టు దగ్గర్నుంచి ఇటు బల్ల అంచు దాకా వచ్చి పడింది. నడుం మీద అరచెయ్యంత నల్లగా కమిలింది. వేడి టీ మీద పడకపోవడం మా అదృష్టం. బావ ఆ తర్వాత రేవు చేరేదాకా నోరు విప్పలేదు.

"ఒక చెయ్యి నీకు, ఒక చెయ్యి పడవకి" అన్నది నావికుల పాత నియమమని స్కిప్పర్ చెప్పాడు. నిజమే, కానీ చెయ్యి చాపితే అందేది ఏదన్నా ఉండాలి కదా! ఆయన సొంత పడవ 34 అడుగులే, పాతది, ఇరుకు. లోపల ఎటు తూలినా భుజానికి ఏదో ఒకటి తగులుతుందట.

ఆ కేటగిరీ సంగతి కూడా ఆయన్నే అడిగాను, తర్వాత చదివాను. యూరోపియన్ యూనియన్ 2013 నాటి నిబంధనల ప్రకారం 'ఏ' అంటే గాలి 8 దాటినా, అలలు 4 మీటర్లు దాటినా తట్టుకునేలా కట్టిన పడవ. 'సీ' అంటే గాలి 6, అలలు 2 మీటర్ల దాకా. అంటే మేము చూసిన సముద్రం కాగితం మీద సీ కేటగిరీకి సరిపోయేదే! పడవ బలంగా ఉంటుంది, తిరగబడదు అన్నంత వరకే ఆ అక్షరం హామీ. లోపల టీ పెట్టుకోగలమా, పడుకోగలమా అన్నది దానికి పట్టదు. బ్రోషర్ రాసినవాళ్ళకి ఈ తేడా తెలుసు, కొనేవాళ్ళకి తెలియదని కూడా తెలుసు.

పిల్లలతో సరోనిక్‌లోనే, పొద్దున్నే రెండు మూడు గంటలు ప్రయాణించి మధ్యాహ్నానికల్లా ఏదో ఒక రేవు చేరేలా అయితే ఇలాంటి పడవే తీసుకోండి, ఇంతకన్నా సుఖం ఉండదు. తినాల్సినవీ తాగాల్సినవీ బయల్దేరకముందే ఫ్లాస్కుల్లో నింపి పైన పెట్టుకోండి. జూలై, ఆగస్టుల్లో సైక్లాడీస్ దీవులకి మాత్రం దీంతో వెళ్ళకండి, అక్కడ మెల్టెమి అనే ఉత్తరపు గాలి రోజుల తరబడి ఆగదు. అటైతే 38 అడుగుల్లోపు, వంటగట్టు చుట్టి ఉన్న పాత మోడల్ అడగండి, మనుషుల్ని తగ్గించుకోండి. బుక్ చేసేముందు లోపలి ఫొటోలు కాదు, ప్లాను పంపమనండి. మెట్ల దగ్గర్నుంచి టాయిలెట్ దాకా దేన్ని పట్టుకుని నడుస్తారో వేలితో గీసి చూసుకోండి. మా ఆవిడ వచ్చేసారికి కాటమరాన్ (రెండు పడవలు జోడించినట్టుండేది) అంటోంది. బావ దాని అద్దె చూసి, ఈ పడవకి రెట్టింపు ఉందని ఇంకా జవాబు చెప్పలేదు.