హైదరాబాద్ చూడాలంటే ముందు వారం చూసుకోండి

హైదరాబాద్‌లో ఏమేం చూడాలో అందరికీ తెలుసు. ప్లాన్ చెడేది వాటికి వారాలు కుదర్చడంలోనే. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, కుతుబ్‌షాహీ సమాధులు, ఈ మూడింటికీ శుక్రవారం సెలవు. జూపార్కు, లుంబినీ పార్కు సోమవారం తెరవరు. చార్మినార్, గోల్కొండ శుక్రవారం కూడా తెరిచే ఉంటాయి కానీ, ఆ మధ్యాహ్నం మక్కా మసీదులో జుమ్మా నమాజు వల్ల చార్మినార్ చుట్టూ రద్దీ బాగా ఉంటుంది. అందుకని మీ ట్రిప్‌లో శుక్రవారం పడితే దాన్ని రామోజీ ఫిల్మ్ సిటీకి ఇచ్చేయడం మేలు. అది ఊరికి సుమారు 30 కిలోమీటర్లు, ఎలాగూ రోజంతా పడుతుంది.

పాతబస్తీకి ఒక రోజు, గోల్కొండ వైపు ఒక రోజు పెట్టుకోండి. రెండూ ఒకే రోజులో చూపిస్తామనే ప్యాకేజీ బస్సులున్నాయి. ఖర్చు కలిసొస్తుంది, నిజమే. కానీ ఒక్కోచోట గంటో గంటన్నరో ఇస్తారు, గోల్కొండ పైదాకా ఎక్కడానికి అది చాలదు.

పాతబస్తీకి మెట్రోలో వెళ్లడమే సుఖం. ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) మెట్రో స్టేషన్‌లో దిగి, మూసీ దాటి, పదిహేను ఇరవై నిమిషాలు నడిస్తే సాలార్‌జంగ్ మ్యూజియం. పదింటికి తెరుస్తారు, అప్పటికల్లా అక్కడుండండి. బ్యాగులు బయట క్లోక్‌రూమ్‌లో పెట్టాలి. గదులన్నీ వరసగా చూస్తూ పోతే సగంలోనే కాళ్లు లాగేస్తాయి, కాబట్టి ముందు మేలిముసుగు రెబెక్కా దగ్గరికి వెళ్లండి. బెంజోనీ 1876లో చెక్కిన పాలరాతి శిల్పం అది. రాతిలో చెక్కిన ముసుగు లోంచి ముక్కు, పెదాలు కనబడుతుంటాయి. కాస్త పక్కకు జరిగి చూస్తే ముసుగు మడతలు ఇంకా బాగా తెలుస్తాయి. ఒకే దుంగలో ముందు మెఫిస్టోఫిలిస్, వెనక మార్గరెట్టా (ఫౌస్ట్ కథలోని దెయ్యం, అమ్మాయి) ఉన్న చెక్క బొమ్మనూ వదలకండి, వెనక పెట్టిన అద్దంలో రెండోరూపం కనిపిస్తుంది. గంటకోసారి చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం దగ్గరికి పావుతక్కువ పన్నెండుకే చేరితే కూర్చోను చోటు దొరుకుతుంది. పన్నెండు గంటలూ కొట్టేది అప్పుడే మరి.

మదీనా కూడలి దగ్గర భోజనం చేసి, పత్తర్‌గట్టీ బజారు మీదుగా చార్మినార్ వైపు నడవండి. ఇక్కడ చాలామంది తడబడేది వరసలో: చార్మినార్ ముందే కనబడుతుంది కదా అని ఎక్కేస్తారు, చౌమహల్లా చేరేసరికి మూసే వేళవుతుంది. చౌమహల్లా అయిదింటికి మూస్తారు, చార్మినార్ అయిదున్నరకు. కాబట్టి చార్మినార్ దాటి ముందు ప్యాలెస్‌కి పోవాలి, నడక పది పన్నెండు నిమిషాలే. ఖిల్వత్ ముబారక్ హాల్లో 19 బెల్జియం షాండ్లియర్ల కింద అందరూ ఫోటోలు దిగి వెనుదిరుగుతారు. నిజాంల పాత కార్లు లోపలి వైపున్నాయి, 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ కూడా అక్కడే. వాటికి అరగంట ఉంచుకోండి.

నాలుగున్నరకల్లా చార్మినార్‌కి తిరిగి రండి. క్యూలో నిలబడకుండా క్యూఆర్ కోడ్‌తో టికెట్ కొనుక్కోవచ్చు. మెట్లు ఇరుకు, ఎత్తు, మెలికలు తిరిగి ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందే ఉండిపోవడం మంచిది. సందర్శకులను మొదటి అంతస్తు దాకానే వెళ్లనిస్తారు. అక్కడి నుంచి ఒకవైపు మక్కా మసీదు, మరోవైపు చార్‌కమాన్ అనే నాలుగు కమానులు కనిపిస్తాయి. 1591లో ఈ కట్టడం చుట్టూ ఊరెలా వేశారో ఆ నాలుగు దారులూ పైనుంచి చూస్తేనే అర్థమవుతుంది.

దిగాక లాడ్‌బజార్. ఇక్కడి లక్క గాజులకు 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. సైజు కుదరకపోతే అక్కడే వేడి చేసి సరిచేసి ఇస్తారు, అడగండి. లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి ఎండలో నిలిపిన కారులో గాజుల డబ్బా వదలకూడదు. ఆటోవాళ్లు తీసుకెళ్లే ముత్యాల షాపులకు మాత్రం వెళ్లొద్దు, వాళ్ల కమిషన్ మీ బిల్లులోనే ఉంటుంది.

గోల్కొండకు వేళ ముఖ్యం. ఎండాకాలంలో తొమ్మిదింటికి గేటు తీయగానే ఎక్కాలి, చలికాలంలో మూడింటికి వెళ్లి చీకటిపడ్డాక లైట్ అండ్ సౌండ్ షో చూసి రావాలి. షో ఏ రోజు ఏ భాషలో ఉందో టికెట్ కొనేముందు అడగండి, దోమల మందు రాసుకోండి. చప్పట్ల మండపం దగ్గర కొట్టిన చప్పట్లు కొండపైన ఉన్న బాలాహిసార్ మండపంలో వినబడాలి. జనం పెరిగాక అందరూ ఒకేసారి కొడుతుంటే ఏదీ తెలియదు. పొద్దున్నే ఒకరు కింద, ఒకరు పైన ఉండి ఫోన్‌లో చెప్పుకుని కొడితే స్పష్టంగా వినిపిస్తుంది. పైకి దాదాపు 360 మెట్లు, అరిగి నునుపెక్కాయి. వానపడితే జారుతాయి, పట్టున్న చెప్పులు వేసుకోండి. మంచినీళ్లు కిందనుంచే తీసుకెళ్లాలి. రామదాసు చెరసాల గోడ మీది దేవుళ్ల బొమ్మలు మసక వెలుతుర్లో తొందరపడితే కనిపించవు, కళ్లు చీకటికి అలవాటుపడేదాకా ఆగండి. దిగేటప్పుడు ఎక్కిన దారిన కాకుండా రెండోవైపు దిగితే రాణిమహళ్లూ చూడొచ్చు. ఆషాఢంలో గురు, ఆదివారాలు బోనాల రోజులు. జాతర చూడాలంటే అంతకు మించింది లేదు, కోట చూడాలంటే మాత్రం వేరే రోజు ఎంచుకోండి.

కుతుబ్‌షాహీ సమాధులు అక్కడికి రెండు కిలోమీటర్ల లోపే. ఆగాఖాన్ ట్రస్ట్ ఏళ్ల తరబడి చేసిన మరమ్మతుల తర్వాత ఈ ప్రాంగణం చార్మినార్ కన్నా ప్రశాంతంగా, కోట కన్నా శుభ్రంగా ఉంది. ఒక్క పూటే ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఇదే. 2013లో వానలకు గోడ కూలిన బడీ బావిని రాయి రాయీ పేర్చి నిలబెట్టారు, తప్పక చూడాలి.

బసకు అమీర్‌పేట, పంజాగుట్ట, లక్డీకాపూల్ నయం. మూడూ మెట్రో రెడ్ లైన్ మీదే ఉన్నాయి, ఎంజీబీఎస్‌కి రైలు మారక్కర్లేదు. సికింద్రాబాద్ స్టేషన్ ఎదుటి లాడ్జీలు తెల్లారుజామున రైలు ఎక్కేవాళ్లకు సరిపోతాయి, నిద్ర కావాలనుకుంటే రోడ్డు వైపు గది తీసుకోకండి. గచ్చిబౌలి, హైటెక్ సిటీ హోటళ్లు బాగుంటాయి గానీ పాతబస్తీకి రోజూ రావడం, పోవడంతోనే సమయం కరిగిపోతుంది. ఎక్కడ దిగినా చెకవుట్ 24 గంటల లెక్కా, మధ్యాహ్నం 12కా అని ముందే అడగాలి. రాత్రి దిగినవాళ్లకు ఆ ఒక్క తేడాతో ఒక రోజు అద్దె మిగులుతుంది.

బిర్లా మందిర్‌కి సాయంత్రం వెళ్లండి, మధ్యాహ్నం గుడి మూస్తారు. ఫోన్లు, కెమెరాలు కౌంటర్లో ఇచ్చేయాలి. హుస్సేన్‌సాగర్ బుద్ధుడి దగ్గరికి లుంబినీ పార్కు నుంచి పడవలున్నాయి. 1990లో తరలిస్తుండగా నీళ్లలో మునిగి, 1992లో పైకి తీసి నిలబెట్టిన ఏకశిల అది. ఆదివారం సాయంత్రం పడవలకు క్యూ చాలా పెద్దది, మామూలు రోజు పొద్దు వాలకముందే టికెట్ తీసుకోండి.