ద మెజర్ ఆఫ్ ఎ మ్యాన్: లాయర్ల కథ కాని సీరియల్లో నిలబడ్డ కోర్టు ఎపిసోడ్

అంతరిక్షం గురించో, రాజ్యాల గురించో, నలుగురు స్నేహితుల గురించో నడిచే సీరియల్ ఒక్క ఎపిసోడ్ కోసం కోర్టు హాల్లోకి దూరడం టీవీలో పాత అలవాటే. నిర్మాతలకి అది కలిసొస్తుంది. ఒక గది సెట్ సరిపోతుంది, బయట షూటింగ్ ఉండదు, పాత దృశ్యాల్ని సాక్ష్యం పేరుతో మళ్లీ వాడుకోవచ్చు. 1966 నవంబర్‌లో రెండు భాగాలుగా వచ్చిన పాత స్టార్ ట్రెక్ ఎపిసోడ్ 'ద మెనాజరీ' ఇందుకు మంచి ఉదాహరణ. అప్పటికి ప్రసారానికి నోచుకోని మొదటి పైలట్ (నమూనా ఎపిసోడ్) ఫిల్మును నౌక అధికారి స్పాక్ మీద జరిగే కోర్ట్ మార్షల్‌లో (సైనిక విచారణలో) తెర మీద సాక్ష్యంగా వేసి, రెండు వారాలు గడిపేశారు. తెలివైన పనే. కానీ అక్కడ విచారణ ఒక చట్రం మాత్రమే. దాన్ని తీసేసినా లోపలి కథ మారదు.

ఇలాంటి ఎపిసోడ్లలో ఎక్కువ భాగం తేలిపోయేది అందుకే. హీరో జైలుకి వెళ్లడని మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. ఇక మిగిలేది అబ్జెక్షన్ల హడావిడి, చివర్లో ఒక పెద్ద ఉపన్యాసం. అలా కాకూడదంటే కోర్టు నియమం కథ మెడ మీద కూర్చోవాలి. ఆ నియమం వల్లే ఎవరో ఒకరు తప్పించుకోలేని ఇరకాటంలో పడాలి. ఆ లెక్కన చూస్తే, 1989 ఫిబ్రవరి 13న వచ్చిన 'ద మెజర్ ఆఫ్ ఎ మ్యాన్' ఈ కోవలో నేటికీ అగ్రస్థానంలో ఉంటుంది. ఇది స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్ రెండో సీజన్లో తొమ్మిదో ఎపిసోడ్. రాసిన మెలిండా స్నాడ్‌గ్రాస్ రచయిత కాకముందు లాయరుగా పనిచేశారు. ఆ అనుభవం ప్రతి సీన్ కట్టుబాటులో కనిపిస్తుంది.

సమస్య ఇది. ఎంటర్‌ప్రైజ్ నౌకలో డేటా అనే అధికారి మనిషి రూపంలో ఉన్న యంత్రం. అతణ్ణి విప్పదీసి, లోపలి నిర్మాణం తెలుసుకుని, అలాంటివాళ్లని మరింతమందిని తయారుచేస్తానంటూ బ్రూస్ మాడక్స్ అనే శాస్త్రవేత్త బదిలీ ఉత్తర్వులతో వస్తాడు. మళ్లీ సరిగ్గా బిగించగలడన్న హామీ లేదు కాబట్టి డేటా రాజీనామా చేస్తాడు. మాడక్స్ అప్పుడు అసలు పాయింటు లేవనెత్తుతాడు: నౌకలోని కంప్యూటర్ తనని విప్పి బాగుచేయడానికి ఒప్పుకోనంటే ఊరుకుంటారా? యంత్రం ఆ నౌకల్ని నడిపే సంస్థ స్టార్‌ఫ్లీట్‌కి ఆస్తి అయినప్పుడు దానికి రాజీనామా హక్కు ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇక్కడ స్నాడ్‌గ్రాస్ కథకి మేకు కొట్టిన చోటు చూడండి. స్టార్‌బేస్ 173లో న్యాయవిభాగం కార్యాలయం అప్పుడే తెరుచుకుంది, అధికారి ఫిలిపా లూవాకి సిబ్బంది లేరు. సిబ్బంది లేనప్పుడు ఉన్న అధికారులతోనే విచారణ నడపాలి: కెప్టెన్ డిఫెన్స్ తరఫున, ఆయన తర్వాతి సీనియర్ అధికారి ప్రాసిక్యూషన్ తరఫున. అంటే డేటా కోసం కెప్టెన్ పికార్డ్ వాదిస్తాడు, డేటాకి వ్యతిరేకంగా అతని స్నేహితుడు రైకర్ వాదించాలి. రైకర్ కాదంటే, అంతకుముందే ఆమె ఇచ్చేసిన 'డేటా ఆస్తే' అన్న నిర్ణయం ఖాయమైపోతుంది. ఒప్పుకుని చేతకానట్టు వాదించినా అంతే, విచారణ అక్కడికక్కడే ఆపేస్తానని ఆమె ముందే చెబుతుంది. స్నేహితుణ్ణి కాపాడాలంటే అతన్ని ఓడించడానికి నిజాయితీగా ప్రయత్నించాలి. విలన్ అక్కర్లేకుండా పోయింది. ఆ పని నియమమే చేసింది.

రైకర్ సిద్ధమయ్యే చిన్న సీన్ని జాగ్రత్తగా చూడాలి. కంప్యూటర్ తెర మీద డేటా సాంకేతిక వివరాలు వెతుకుతుంటాడు. ఒకచోట కళ్లు ఆగుతాయి. గెలుపు పాయింటు దొరికిందని మొహం వెలుగుతుంది, వెంటనే దాని అర్థం తలకెక్కి మొహం వాడిపోతుంది. మాట ఒక్కటీ ఉండదు. జొనాథన్ ఫ్రేక్స్ ఆ పాత్రలో చేసిన అన్ని ఎపిసోడ్లలోనూ ఇంత బాగా నటించిన క్షణాలు అరుదు.

విచారణ గదిలో రైకర్ వరస కూడా సరైన ప్రాసిక్యూటర్ వరసే. మొదట డేటాని బోనెక్కించి, అతను మనిషి చేసిన యంత్రమని ఒప్పించాడు. తర్వాత ఉక్కు కడ్డీ వంచమన్నాడు. బలమున్న జీవజాతులు చాలా ఉన్నాయని, దీనికీ కేసుకీ సంబంధం లేదని పికార్డ్ అభ్యంతరం చెప్పాడు, నెగ్గలేదు. ఆ తర్వాత రైకర్ న్యాయాధికారి అనుమతి తీసుకుని డేటా ముంజేతిని విప్పి బల్ల మీద పెట్టాడు. ఆఖరున, తనకి తెర మీద దొరికిన పాయింటు: వీపు దగ్గరున్న స్విచ్ నొక్కాడు. డేటా బల్ల మీదకి వాలిపోయాడు. మాటకన్నా వస్తువు బలంగా పనిచేస్తుందని ట్రయల్ లాయర్లకి తెలిసిన విద్య ఇది. ఈ నాలుగు మెట్లలో ఒక్కటి తీసేసినా చివరి దెబ్బకి ఇంత బలం రాదు.

విరామంలో పికార్డ్ నౌకలో బార్ నడిపే గైనన్ దగ్గరికి వెళ్లడం, ఆ సంభాషణలోంచి బానిసత్వం అన్న మాట అతని నోటి నుంచే రావడం ఎపిసోడ్‌కి వెన్నెముక. గైనన్ ఆ మాట అనదు. ఎవరూ చేయడానికి ఇష్టపడని పనులు చేయడానికి, ఎవరూ లెక్కచేయని జీవుల సైన్యం ఎలా ఉంటుందో చెప్పి ఊరుకుంటుంది. ఆ పాత్ర వేసిన నల్లజాతి నటి వూపీ గోల్డ్‌బర్గ్ నోట ఆ మాటలు రావడం వల్ల అమెరికా చరిత్ర మొత్తం ఆ బల్ల దగ్గర కూర్చుంటుంది. నల్లజాతివాళ్లు పౌరులు కారని, బానిస ఆస్తేనని 1857లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన డ్రెడ్ స్కాట్ తీర్పు తెలిసినవాళ్లకి ఈ కేసు రూపురేఖలు ఇట్టే పట్టుబడతాయి.

పికార్డ్ తిరిగొచ్చి చేసే వాదనలో పసందైన పని ఒకటుంది. రైకర్ నిరూపించినదాన్ని ఖండించడు. అవును, యంత్రమే, అయితే ఏమిటని దాన్ని పక్కకి తోసేస్తాడు. తర్వాత డేటా సంచిలోంచి సామాన్లు ఒక్కొక్కటే తీస్తాడు: పతకాలు, తాను ఇచ్చిన పుస్తకం, చనిపోయిన సహచరి టాషా యార్ చిన్న బొమ్మ. అంతకుముందు రైకర్ చేయి విప్పి బల్ల మీద పెట్టాడు కదా, దానికి జవాబు ఇదే బల్ల మీద దొరుకుతుంది. ఆపైన మాడక్స్‌ని ఎదురుపక్షం సాక్షిగా పిలిచి, ప్రాణికి గుర్తులేమిటో అతని నోటితోనే మూడు చెప్పిస్తాడు: తెలివి, తన గురించిన ఎరుక, చైతన్యం. మొదటి రెండూ డేటాకి ఉన్నాయని అక్కడే తేలిపోతుంది. మూడోది ఎవరికైనా ఎలా కొలుస్తావని అడిగితే మాడక్స్ దగ్గర మాట లేదు. ఎదుటి సాక్షిని జవాబు సూచించే ప్రశ్నలతో నిలదీయడం క్రాస్ ఎగ్జామినేషన్‌కి చెల్లుతుంది. సొంత సాక్షిని అలా అడగకూడదన్నది మన సాక్ష్య చట్టంలోనూ ఉన్న నియమమే. మన సినిమా కోర్టుల్లో ఈ తేడా దాదాపు కనిపించదు, ఇద్దరు లాయర్లూ అందర్నీ ఒకేలా గద్దిస్తారు.

ప్రమాణం తంతు కూడా గమనించదగ్గదే. మన తెర మీద భగవద్గీత లేకుండా సాక్షి నోరు తెరవడు, 1969 నాటి ప్రమాణాల చట్టంలో మాత్రం ప్రమాణ వాక్యమే ఉంది, గ్రంథం మీద చెయ్యి పెట్టాలని లేదు. ఈ ఎపిసోడ్లో సాక్షి చెయ్యి స్కానర్ మీద పెడితే కంప్యూటర్ అతని సర్వీసు రికార్డు చదువుతుంది. డేటా పతకాల జాబితా మొదలవగానే ఇవన్నీ ఒప్పుకుంటాం, చదవక్కర్లేదంటాడు రైకర్. పికార్డ్ ఒప్పుకోడు, మొత్తం చదవాలంటాడు. ఎదుటివాడు ఒప్పుకున్న సంగతినైనా రికార్డులోకి చెవులకి వినపడేలా ఎక్కించడం అనుభవమున్న డిఫెన్స్ లాయర్ పని.

తీర్పు ఎంత ఇరుకుగా ఉందో చూస్తే రచయిత్రి మీద గౌరవం ఇంకా పెరుగుతుంది. లూవా డేటాని మనిషి అనదు. యంత్రమే, కానీ ఆస్తి కాడు, ఎంచుకునే స్వేచ్ఛ అతనికుందని మాత్రమే చెబుతుంది. ఆత్మ ఉందా అన్న ప్రశ్న తనకి అందనిదని ఒప్పుకుంటుంది. కోర్టు ముందున్న ప్రశ్న రాజీనామా గురించి, జవాబు అంతవరకే. ఇలా మిగిల్చిన ఖాళీ ఆ తర్వాతి కథలకి దారైంది. 1990లో వచ్చిన 'ది ఆఫ్‌స్ప్రింగ్'లో డేటా తయారుచేసుకున్న కూతురి మీద స్టార్‌ఫ్లీట్ మళ్లీ చెయ్యి వేయబోతుంది. 2001లో స్టార్ ట్రెక్: వాయేజర్ సీరియల్ ఎపిసోడ్ 'ఆథర్, ఆథర్'లో హోలోగ్రామ్ డాక్టరుకి రచయితగా హక్కు దక్కుతుంది, వ్యక్తిగా దక్కదు.

లోపాలున్నాయి, చిన్నవి కావు. లూవా గతంలో పికార్డ్ మీద కోర్ట్ మార్షల్ నడిపిన ప్రాసిక్యూటర్, పైగా ఇద్దరి మధ్య వ్యక్తిగత చరిత్ర ఉంది. అలాంటి మనిషి ఈ కేసు వినడమే అభ్యంతరకరం, ఎవరూ ఎత్తరు. ముందే ఒక నిర్ణయం చెప్పేసిన అధికారే మళ్లీ విచారణకి కూర్చోవడం ఇంకో తప్పు. అన్నిటికన్నా పెద్ద కన్నం: డేటాని అకాడమీలో చేర్చుకున్నప్పుడే అతని స్థాయి మీద కమిటీ కూర్చుంది, అందులో వ్యతిరేకించిన ఒకే ఒక్కడు మాడక్స్. ఆ సంగతి ఎపిసోడ్లోనే వస్తుంది. చేర్చుకుని, హోదా ఇచ్చి, పతకాలు తొడిగిన సంస్థ ఇప్పుడు ఆస్తి అనడం చెల్లదని పికార్డ్ ఒక్క వాక్యంలో తేల్చేయొచ్చు. ఆ వాదన రాలేదు. వస్తే కథ ఇరవై నిమిషాల్లో ముగిసేది, నిజమే, కానీ కనీసం ఎత్తి తోసిపుచ్చి ఉండాల్సింది.

పోలికకి ఇంకొన్ని. బాటిల్‌స్టార్ గలాక్టికా 2007 మార్చిలో వేసిన 'క్రాస్‌రోడ్స్' రెండు భాగాలూ బాగుంటాయి. మాజీ అధ్యక్షుడు బాల్టర్ కేసులో 3–2తో వచ్చిన తీర్పు గుర్తుండిపోతుంది. డిఫెన్స్ పక్షంలో పనిచేసిన లీ ఆడమాయే సాక్షి కావడం, న్యాయమూర్తుల్లో ఒకరు అతని తండ్రే కావడం మాత్రం మింగుడుపడదు. గేమ్ ఆఫ్ థ్రోన్స్ 2014 ఎపిసోడ్ 'ద లాస్ ఆఫ్ గాడ్స్ అండ్ మెన్'లో న్యాయం లేదని కథే చెబుతుంది కాబట్టి అక్కడి అడ్డగోలు విధానం కథకి బలమైంది. నిందితుడు టిరియన్ సాక్షిని ప్రశ్నించబోతే, న్యాయమూర్తిగా కూర్చున్న తండ్రి ఒక్క ప్రశ్నకే అనుమతిస్తాడు. ఆ ఒక్క మాటతో హాలు స్వభావం మొత్తం తెలిసిపోతుంది. సైన్‌ఫెల్డ్ 1998 ముగింపు ఎపిసోడ్ నిరాశపరిచేది. దోపిడీ జరుగుతుంటే సాయం చేయలేదన్న కేసులో, తొమ్మిది సీజన్ల పాత గొడవలన్నిటికీ సాక్షుల్ని దించుతారు. పాత ప్రవర్తన చూపించి ఈ నేరం కూడా చేసి ఉంటారనడం ఆ దేశపు సాక్ష్య నియమాలకే విరుద్ధం. నిజానికి అది పాత దృశ్యాల సంకలనానికి వేసిన కోర్టు ముసుగు. డాక్టర్ హూ 1986లో పద్నాలుగు భాగాలు సాగదీసిన 'ద ట్రయల్ ఆఫ్ ఎ టైమ్ లార్డ్'లో మంచి కథ మధ్యలో మాటిమాటికీ కోర్టు అడ్డొస్తుంది. నేరారోపణ కూడా నడుమలో మారిపోతుంది.

మెజర్ ఆఫ్ ఎ మ్యాన్ తర్వాత రెండో స్థానం అదే సీరియల్‌లోని 'ద డ్రమ్‌హెడ్'ది, 1991 ఏప్రిల్ 29. ఖర్చు తగ్గించడానికే నౌక లోపలి సెట్లతో తీశారు. ప్రమాదంగా తేలిన పేలుడు చుట్టూ ఒక రిటైర్డ్ అడ్మిరల్ కుట్ర వెతుకుతూ పోవడం కథ. జీన్ సిమన్స్ ఆ పాత్రలో మొదటి సగమంతా మర్యాదగా, ఆప్యాయంగా ఉంటుంది. అందుకే రెండో సగం భయపెడుతుంది.

కొత్తగా చూసేవాళ్లు నేరుగా దీనితో మొదలెట్టినా కథ అర్థమవుతుంది. కానీ టాషా బొమ్మ, స్విచ్ సంగతి బలంగా తగలాలంటే మొదటి సీజన్లో 'ద నేకెడ్ నౌ', 'డేటాలోర్', 'స్కిన్ ఆఫ్ ఈవిల్' ఈ వరసలో ముందు చూడాలి. మూడూ అంత గొప్పవి కావు, అవసరమైనవి. ఎపిసోడ్ మొదట్లో వచ్చే పేకాట సీన్ని దాటేయకండి. నియమాలు చదవడం వేరు, ఎదుటివాడి బుకాయింపుకి మోసపోవడం వేరని డేటా అక్కడ నేర్చుకుంటాడు. విప్పి బిగిస్తే వివరాలు మిగలొచ్చు గానీ అనుభవం సారం పోతుందని మాడక్స్‌కి చెప్పే జవాబుకి అదే పునాది.

రెండు నిడివులున్నాయి. ప్రసారమైనది సుమారు 46 నిమిషాలు. 2012లో వచ్చిన రెండో సీజన్ బ్లూరేలో 57 నిమిషాల పొడిగించిన రూపం కూడా ఉంది. మొదటిసారి చూసేవాళ్లకి ప్రసార రూపమే మంచిది, విచారణకి ముందు నడక బిగువుగా ఉంటుంది. ఎపిసోడ్ ఇప్పటికే తెలిసినవాళ్లు మాత్రం పొడవైనది వెతుక్కుని చూడొచ్చు. ఏది చూసినా తీర్పుతో ఆపేయకండి. గెలిచిన సంబరానికి రైకర్ రాడు, ఒంటరిగా కూర్చుంటాడు. డేటా అతన్ని వెతుక్కుంటూ వెళ్లి, నువ్వు నాకు వ్యతిరేకంగా వాదించకపోతే నేను ఓడిపోయేవాణ్ణని, ఆ బాధ పడి నువ్వే నన్ను కాపాడావని వివరిస్తాడు.