"గోబెల్స్ ప్రచారం" జాడ వెతుక్కుంటూ మూడు నగరాల్లో

పత్రిక డెస్కులో పనిచేసిన ముప్పై ఏళ్లలో, ఎన్నికలు దగ్గరపడిన ప్రతిసారీ ఏదో ఒక పార్టీ నాయకుడు ప్రత్యర్థులది "గోబెల్స్ ప్రచారం" అని మండిపడటం, ఆ మాటను నేను శీర్షికలో ఇమిడ్చి పేజీ వదలడం ఆనవాయితీగా సాగింది. ఒక అబద్ధాన్ని వందసార్లు చెబితే నిజమైపోతుందని హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ అన్నాడని మనవాళ్లు ధీమాగా రాస్తుంటారు కానీ, ఆ మాట ఆయన అన్నాడనడానికి నమ్మదగిన ఆధారం లేదు. ఆ పేరును అన్నిసార్లు అచ్చువేసిన నాకు ఆ మనిషి నడిపిన యంత్రాంగం ఎలా పనిచేసిందో సరిగా తెలియదన్న సంగతి పదవీ విరమణ తరువాతే గుర్తుకు వచ్చింది. మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, నేనూ నా భార్యా ఆరు రోజులు కేటాయించుకుని న్యూరెంబర్గ్, మ్యూనిక్, బెర్లిన్ నగరాల్లో ఆ జాడలు చూసి వచ్చాము.

మొదట న్యూరెంబర్గ్ వెళ్లాము. మ్యూనిక్ నుంచి వేగపు రైలులో గంట పైచిలుకు ప్రయాణం. ప్రధాన స్టేషనుకు దగ్గరలో రెండు రాత్రులకు ఒక మధ్యతరగతి హోటలు తీసుకున్నాము. గది చిన్నదైనా శుభ్రంగా ఉంది, అయితే కిటికీ తెరిస్తే ట్రాముల చప్పుడుకు నిద్ర పట్టదు. ఆ ఊళ్లో పెద్ద వాణిజ్య ప్రదర్శనలు జరిగే వారాల్లో గదుల అద్దె అమాంతం పెరుగుతుంది కాబట్టి తేదీలు చూసుకుని బుక్ చేసుకోవడం మేలు. శాకాహారులు ఇంకొక జాగ్రత్త కూడా తీసుకోవాలి: అక్కడి బంగాళాదుంప సలాడ్‌ను చాలాచోట్ల మాంసపు రసంతో కలుపుతారు. మా ఆవిడ అడిగి తెలుసుకోకపోయి ఉంటే మొదటి పూటే పొరపాటు జరిగేది.

నాజీ పార్టీ 1933 నుంచి 1938 దాకా ఏటా సెప్టెంబరులో మహాసభలు జరిపిన ప్రాంగణం నగరానికి ఆగ్నేయంగా ఉంది. స్టేషను నుంచి ట్రాములో నేరుగా వెళ్లవచ్చు. హిట్లర్ వాస్తుశిల్పి ఆల్బర్ట్ స్పేర్ రూపకల్పనలో కట్టిన జెప్పెలిన్ మైదానపు వేదికను చూసినప్పుడు నాకు కలిగింది నిరాశే. సుమారు 360 మీటర్ల పొడవున్న ఆ మెట్ల మధ్య గడ్డి మొలుస్తోంది, కొన్ని భాగాలకు కంచె వేసి ఉంది, ఒక కుర్రవాడు వెనుక గోడకు టెన్నిస్ బంతి కొడుతున్నాడు. వేదిక మీది స్తంభాల వరుసలను 1967లో కూల్చేశారు. నడినెత్తిన ఉండిన స్వస్తిక చిహ్నాన్ని 1945 ఏప్రిల్‌లోనే అమెరికా సైన్యం పేల్చివేసింది. పైకి కనిపించేవి సున్నపురాయి పలకలు, లోపలిది ఇటుకా కాంక్రీటూ. ఫోటోల్లో కొండంత కనిపించే ఆ కట్టడం కళ్ల ముందు ఇంత మామూలుగా ఎందుకుందా అని ఆలోచిస్తూ మెట్ల మీద అరగంట కూర్చున్నాను. అది అక్కడికి వచ్చినవారి కంటే కెమెరా కోసమే ఎక్కువగా కట్టినదని తరువాత ప్రదర్శనశాలలో చూసిన చిత్రాలు తేల్చిచెప్పాయి.

రాత్రి సభల్లో వైమానిక దళం నుంచి తెచ్చిన 150 దాకా సర్చిలైట్లను మైదానం చుట్టూ నిలబెట్టి ఆకాశానికి గురిపెట్టేవారు. దాన్ని వెలుగుల ఆలయంగా లోకమంతా చెప్పుకుంది. ఆ ఆలోచన ఎలా పుట్టిందో స్పేర్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు: పార్టీ చిన్న పదవుల్లో ఉన్నవారు బొజ్జలు పెంచుకుని వరుసలో సరిగా నడవలేకపోతుంటే, వాళ్లను చీకట్లో నడిపించి వెలుగును పైకి మళ్లించాలని తోచిందట. స్పేర్ తన గురించి చెప్పుకున్న వాటిని జాగ్రత్తగా చదవాలి కానీ, ఈ ఒక్కటీ నాకు నమ్మబుద్ధి వేసింది. ఆ విద్యుత్తు కోసం కట్టిన సబ్‌స్టేషను ఇప్పటికీ రోడ్డు పక్కన నిలిచి ఉంది. గోడ మీద పీకేసిన గద్ద బొమ్మ అచ్చు లేతగా కనిపిస్తుంది. కొన్నేళ్లు అందులో బర్గర్ల దుకాణం నడిచింది.

1934 మహాసభను సినీ దర్శకురాలు లేనీ రీఫెన్‌స్టాల్ చిత్రించినప్పుడు, లూయిట్‌పోల్డ్ మైదానంలోని జెండా స్తంభానికి కెమెరా పైకి కిందికి కదలడానికి లిఫ్టు అమర్చారు. ఇప్పుడు అక్కడ పిల్లలు ఆడుకునే పార్కు ఉంది. సభకు వచ్చిన లక్షల మందిలో ఎవరికీ కనిపించని దృశ్యం, ఊరూరా సినిమా హాళ్లలో కూర్చున్నవారికి కనిపించింది. మన సభల్లోనూ జనం ఎంతమంది వచ్చారన్నదాని కంటే డ్రోన్ కెమెరాలో ఎంతమంది కనిపించారన్నదే ముఖ్యమైపోయిన రోజులివి కాబట్టి, ఆ లిఫ్టు సంగతి నన్ను చాలాసేపు వదలలేదు.

నాజీల మహాసభల కోసం మొదలుపెట్టి అసంపూర్తిగా ఆగిపోయిన కాంగ్రెస్ హాలు ఒక చివరలో, ఆ చరిత్రను చూపే డాక్యుమెంటేషన్ కేంద్రం ఉంది. యాభై వేల మంది కూర్చునేలా కట్టదలచిన ఆ రాతి గోడలను చీల్చుకుంటూ ఆస్ట్రియా వాస్తుశిల్పి గుంథర్ డొమెనిగ్ 2001లో గాజు, ఉక్కు నడవాను దూర్చాడు. మేము వెళ్లినప్పుడు మరమ్మతుల కారణంగా తాత్కాలిక ప్రదర్శన మాత్రమే నడుస్తోంది. అయినా లోపమనిపించలేదు. ఏడాదికి వారం జరిగే సభ కోసం ఎన్ని రైళ్లు, గుడారాలు, వంటశాలలు కావలసివచ్చాయో, మహాసభ ముగిశాక ఊరి యూదులకు ఏమి జరిగిందో రెండింటినీ పక్కపక్కనే చూపించారు. దీనికి పూర్తి విరుద్ధంగా, మేము డబ్బు కట్టి చేరిన ఒక ప్రైవేటు నడక యాత్రలో గైడు చెప్పినదంతా రాళ్ల కొలతలే. పైగా హిట్లర్ నిలబడిన చోట ఒక్కొక్కరినీ నిలబెట్టి ఫోటోలు తీశాడు. మేమిద్దరం దిగి వచ్చేశాము. ఆ డబ్బుతో కేంద్రంలో రెండుసార్లు టికెట్టు కొనవచ్చు.

మర్నాడు, యుద్ధం తరువాత నాజీ నాయకులను విచారించిన న్యాయభవనంలోని 600వ నంబరు కోర్టు గది చూశాము. మంగళవారం సెలవన్నది ముందే తెలుసుకోవాలి. టికెట్టుతోపాటు ఇచ్చే ఆడియో గైడు చాలా బాగుంది. 1945 నవంబరు 20న మొదలైన విచారణలో నిలబడిన ఇద్దరి కథలు పత్రికలవాడిగా నన్ను పట్టి కూర్చోబెట్టాయి. జూలియస్ స్ట్రైఖర్ ఈ ఊళ్లోనే 1923 నుంచి యూదుల మీద విషం కక్కే "డెర్ ష్టుర్మర్" పత్రిక నడిపాడు. కొనలేనివారి కోసం దాన్ని బస్టాపుల దగ్గర, కూడళ్లలో పెట్టెలు నిలబెట్టి అందులో అంటించేవారు. ఎవరినీ చంపమని ఉత్తర్వు జారీచేసే పదవి లేకపోయినా, రెచ్చగొట్టిన రాతలకే అతనికి ఉరి పడింది. రేడియో వ్యాఖ్యాత హన్స్ ఫ్రిట్‌ష్ నిర్దోషిగా బయటపడ్డాడు. గోబెల్స్ అప్పటికే చనిపోయాడు కాబట్టి ఆయన స్థానంలో కూర్చోబెట్టిన మనిషి ఇతనే అన్న భావన కలుగుతుంది. రాతకు, గొంతుకు మధ్య న్యాయమూర్తులు గీసిన గీత సరైనదేనా అని రైలెక్కేదాకా మేము వాదించుకున్నాము.

మ్యూనిక్‌లో నాజీ చరిత్ర కేంద్రం 2015లో, పార్టీ ప్రధాన కార్యాలయం ఉండిన స్థలంలో తెరిచారు. ప్రవేశం ఉచితం, సోమవారం మూసి ఉంటుంది. చదవవలసింది చాలా ఉన్నందున మూడు గంటలు చేతిలో ఉంచుకోవాలి. నా అపోహ ఒకటి ఇక్కడ తొలగింది. హిట్లర్ రేడియో బలంతో పైకి వచ్చాడని అనుకునేవాణ్ణి. నిజానికి 1933 జనవరి దాకా రేడియో ప్రభుత్వం చేతిలో ఉంది, నాజీలకు దాదాపు అందుబాటులో లేదు. 1928 ఎన్నికల్లో 2.6 శాతం ఓట్లు వచ్చిన పార్టీకి 1930లో 18.3 శాతం రావడం వెనుక ఆర్థిక మాంద్యం, వీధి సభలు, పోస్టర్లు ఉన్నాయి. దానికితోడు పత్రికల అధిపతి ఆల్ఫ్రెడ్ హ్యూగెన్‌బర్గ్ 1929లో యంగ్ ప్రణాళికకు (మొదటి ప్రపంచ యుద్ధపు నష్టపరిహారం చెల్లింపుల ఒప్పందానికి) వ్యతిరేకంగా హిట్లర్‌ను కలుపుకుని, తన పత్రికల్లో దేశమంతటా పరిచయం చేశాడు. హిట్లర్‌ను ఏళ్ల తరబడి ఎండగట్టిన సోషల్ డెమోక్రాట్ల పత్రిక "మ్యూన్‌షెనర్ పోస్ట్" కార్యాలయాన్ని 1933 మార్చి 9న ధ్వంసం చేశారు. ఆ పత్రిక మళ్లీ రాలేదు. ఆ పత్రిక డెస్కులో పనిచేసినవారు ఆ రాత్రి ఏ పేజీ మీద ఉండి ఉంటారో అన్న ఆలోచనతో బయటికి వచ్చాను.

బెర్లిన్‌లో అమ్మాయి స్నేహితురాలి ఇంట్లో దిగాము కాబట్టి బస గురించి చెప్పడానికేమీ లేదు. నాజీ రహస్య పోలీసుల ప్రధాన కార్యాలయం ఉండిన చోట నెలకొల్పిన టోపోగ్రఫీ ఆఫ్ టెర్రర్ ప్రదర్శనశాల ఉచితమే కానీ జనం ఎక్కువ. ఉదయం పది గంటలకే వెళితే నిలబడి చదవవచ్చు. బెబెల్ చౌరస్తాలో 1933లో నాజీలు పుస్తకాలు తగలబెట్టిన చోట నేలలో అమర్చిన గాజు కింద ఖాళీ అరలు పగటి ఎండలో సరిగా కనిపించవు, సాయంత్రం చూడాలి. ఒక ప్రదర్శనశాలలో 1933 ఆగస్టులో 76 మార్కులకు విడుదల చేసిన "ప్రజల రేడియో" చూశాను. దాని నమూనా సంఖ్య 301, హిట్లర్ అధికారంలోకి వచ్చిన జనవరి 30కి గుర్తు. 1938లో 35 మార్కులకే ఇంకా చిన్నది అమ్మారు. జనం దానికి గోబెల్స్ మూతి అని పేరు పెట్టారు. 1939 సెప్టెంబరు 1 నుంచి విదేశీ స్టేషన్లు వినడం నేరమైంది.

చివరగా మావుయర్ వీధికి వెళ్లాము. గోబెల్స్ ప్రచార మంత్రిత్వ శాఖ 1933 మార్చి 13న ఏర్పడింది. పాత భవనం యుద్ధంలో పోయినా తరువాత కలిపిన విభాగం మిగిలి ఉంది. ఇప్పుడు అందులో కార్మిక మంత్రిత్వ శాఖ పనిచేస్తోంది. అదే ఏడాది అక్టోబరు 4న వచ్చిన సంపాదకుల చట్టం ప్రకారం రిజిస్టరులో పేరు లేనివాడు పత్రికలో పనిచేయరాదు; యూదులకు ఆ రిజిస్టరులో చోటు లేదు. పత్రికలో ఏం అచ్చయినా సంపాదకుడు యజమానికి కాక ప్రభుత్వానికి జవాబుదారీ. అక్కడ వరుసగా ఉన్న కిటికీలు తప్ప చూడడానికేమీ లేదు. లోపలికి అనుమతి ఉండదు, కాబట్టి గైడు బుక్కుల్లో దీనికి నక్షత్రాలు ఎందుకు లేవో అర్థమవుతుంది. మధ్యాహ్నం పన్నెండయింది, మెడలో గుర్తింపు కార్డులు వేసుకున్న ఉద్యోగులు భోజనానికి బయటికి వస్తున్నారు. మా ఆవిడ "ఇదేనా మీరు రోజూ శీర్షికల్లో పెట్టింది?" అని అడిగింది. అవునన్నాను.