పల్స్ ఆక్సీమీటర్: రెండేళ్లు వాడాక

మా నాన్నకి సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకై ఆయాసం వచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే ఈ మీటర్ ఆయన కోసం కొన్నదే. వేలికి తగిలించగానే అంకె వస్తుంది, పెద్ద అంకెలు కాబట్టి కళ్ళజోడు లేకుండానే చూసుకుంటారు. చేతులు చల్లబడినా, గోళ్ళకి రంగున్నా తప్పు చూపించొచ్చు, అందుకే చెయ్యి వెచ్చబెట్టి అంకె నిలకడగా ఆగాకే నమ్మండి. వస్తువుగా వంక పెట్టడానికేం లేదు.

నేను రాయాలనుకున్నది వేరే. ఒకరోజు రాత్రి ఆయాసం ఎక్కువైతే టెన్షన్‌లో కాన్సంట్రేటర్‌ని (గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్) నిమిషానికి 1 లీటరు నుంచి 4కి మేమే పెంచేశాం. మీటర్‌లో 97 వచ్చింది, హమ్మయ్య అనుకుని పడుకున్నాం. తెల్లారేసరికి తలనొప్పి అన్నారు, కాసేపటికి మాట మధ్యలోనే కళ్ళు మూతలు పడిపోతున్నాయి, గ్లాసు చేతికిస్తే నీళ్ళు ఒలికిపోయేంత వణుకు. అప్పుడూ మీటర్‌లో అదే 97! ఆస్పత్రిలో మణికట్టు దగ్గర ధమని రక్తం తీసి ఏబీజీ (రక్తంలోని వాయువుల పరీక్ష) చేస్తే కార్బన్ డయాక్సైడ్ పీడనం 78 mmHg ఉంది, ఉండాల్సింది 35 నుంచి 45.

శ్వాస వైఫల్యంలో ముఖ్యంగా రెండు రకాలని అప్పుడే తెలిసింది. నిమోనియా వచ్చినా, ఊపిరితిత్తుల్లో నీరు చేరినా, రక్తపు గడ్డ అడ్డుపడినా ఆక్సిజన్ రక్తంలోకి సరిగా ఎక్కదు, ధమని రక్తంలో దాని పీడనం 60 mmHg కంటే తగ్గిపోతుంది. అది మొదటి రకం, మీటర్‌లో 90 కిందికి పడితే సుమారుగా ఆ స్థితే, కాబట్టి దీన్ని మీటర్ పట్టేస్తుంది. రెండోది లోపలి గాలి సరిగా బయటికి పోక కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవడం. ముదిరిన సీఓపీడీలో, మార్ఫిన్ లాంటి మందులు ఎక్కువైనప్పుడు, గులియన్ బారీ లాంటి నరాల జబ్బులతో ఊపిరి కండరాలు నీరసించినప్పుడు వస్తుంది. మీటర్ వేలిలోంచి రెండు రకాల కాంతి పంపి హిమోగ్లోబిన్ ఎంత ఆక్సిజన్ మోస్తోందో చూస్తుందే తప్ప కార్బన్ డయాక్సైడ్‌ని కొలవదు. అందులోనూ పక్కన ఆక్సిజన్ పెట్టి ఉంటే అంకె బాగానే కనపడుతుంది, మనిషి మాత్రం మగతలోకి జారిపోతుంటారు. దీని గురించి డబ్బాలోని కాగితంలో ఒక్క ముక్క లేదు, నాకు కోపం వచ్చేది అక్కడే.

బైపాప్ (మాస్కుతో గాలిని ఒత్తిడితో అందించే మిషన్) పెట్టాక రెండో రోజుకి నాన్న మామూలుగా మాట్లాడారు. ఆయనకి మీటర్‌లో 88 నుంచి 92 మధ్య ఉంటే చాలని, లీటర్లు సొంతంగా మార్చొద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు. ఆ అంకెలు కాగితం మీద రాసి కాన్సంట్రేటర్‌కి అంటించాం. మీటర్‌కి 4 స్టార్లు, కొనండి. మగత, పొద్దున్నే తలనొప్పి, తికమక మాటలు కనిపిస్తే మాత్రం అంకె ఎంతున్నా ఆస్పత్రికి తీసుకెళ్ళిపోండి.