‘రెస్క్యూ మీ’: స్టేషన్ వంటగదిలో వినిపించే నవ్వు

న్యూయార్క్ నగర అగ్నిమాపక సిబ్బంది జీవితం ఆధారంగా అమెరికాలోని ఎఫ్ఎక్స్ ఛానల్ 2004 నుంచి 2011 వరకు 7 సీజన్లు, 93 భాగాలుగా ప్రసారం చేసిన ‘రెస్క్యూ మీ’ని ఈమధ్య రెండోసారి పూర్తిగా చూశాను. మొదటిసారి మంటల కోసం చూశాను. ఈసారి మాత్రం నన్ను పట్టి కూర్చోబెట్టింది ఫైర్ స్టేషన్ వంటగది.

2001 సెప్టెంబర్ 11 ఉగ్రదాడుల్లో ఆ నగర అగ్నిమాపక శాఖ 343 మందిని కోల్పోయింది. కథానాయకుడు టామీ గావిన్ ఆ రోజు బతికి బయటపడ్డాడు. అతని కజిన్ జిమ్మీ బతకలేదు. చనిపోయిన జిమ్మీ, తన పక్కనే కూర్చుని మాట్లాడుతున్నట్టు టామీకి కనిపిస్తుంటాడు. టామీ ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక తాగుతాడు. అతని సహచరుడు లూ రహస్యంగా కవిత్వం రాసుకుంటాడు. దుఃఖం గురించి నేరుగా ఒక్క మాట కూడా మాట్లాడడం రాని ఈ మగవాళ్లు భోజనాల బల్ల చుట్టూ చేరి ఒకరినొకరు ఆటపట్టించుకుంటుంటే మనకు నవ్వు వస్తుంది, కానీ ఆ వేళాకోళం ఎక్కడ ఆగిపోతుందో అక్కడే వాళ్ల గాయం ఉందని నాలుగైదు భాగాలు చూసేసరికి మనకే తెలిసిపోతుంది. హాస్యాన్ని బరువు తగ్గించే ఉపశమనంగా కాక, ఆ బరువును మోసే పద్ధతిగా చూపించడమే ఈ ధారావాహికలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచిన విషయం.

పీటర్ టోలన్‌తో కలిసి దీన్ని సృష్టించి, టామీ పాత్రను కూడా తానే పోషించిన డెనిస్ లియరీకి ఈ బాధ పరాయిది కాదు. 1999 డిసెంబర్‌లో మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో ఒక పాత శీతల గిడ్డంగి తగలబడినప్పుడు మరణించిన ఆరుగురు అగ్నిమాపక సిబ్బందిలో ఆయన కజిన్ ఒకరు.

పని చిత్రణలోనూ శ్రద్ధ కనిపిస్తుంది. ఆ నగరంలో గొట్టాలతో నీళ్లు కొట్టే దళం వేరు, తలుపులు బద్దలుకొట్టి మనుషుల కోసం వెతికే నిచ్చెన బండి దళం వేరు. టామీది రెండో రకం కాబట్టి, కళ్లు కనిపించని పొగలో గోడ తడుముకుంటూ గదులు గాలించే సన్నివేశాలే ఎక్కువగా ఉంటాయి. పైకి మోటుగా కనిపించే చీఫ్ రైలీ అల్జీమర్స్ వచ్చిన భార్యను కనిపెట్టుకుని ఉండే తీరు మరో మేలిమి కథ.

లోపాలు చిన్నవి కావు. ఆడవాళ్ల పాత్రలు చాలాచోట్ల టామీ కోపానికో కోరికకో ఆసరాగా మిగిలిపోయాయి. మూడో సీజన్‌లో అతను భార్య జానెట్‌ను బలవంతం చేసే సన్నివేశాన్ని, దానికి చివర ఇచ్చిన ముక్తాయింపును నేను ఏ విధంగానూ సమర్థించలేను. 22 భాగాల ఐదో సీజన్‌లో తాగడం, మానడం, మళ్లీ తాగడం విసుగు పుట్టించేంతగా తిరిగి తిరిగి వస్తాయి; అందులోనే అతిథి పాత్రలో మైకేల్ జె. ఫాక్స్ చూపించిన నటన, ఆయనకు అమెరికా టీవీ పురస్కారం ఎమ్మీ తెచ్చిపెట్టిన నటన, లేకపోతే దాన్ని పూర్తి చేయడం నాకు కష్టమయ్యేది.

బూతులు, శృంగారం ధారాళంగా ఉన్నందువల్ల ఇది ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేది కాదు. పెద్దవాళ్లు మాత్రం మొదటి రెండు సీజన్లను తప్పకుండా, తొందరపడకుండా, రోజుకు ఒక్కో భాగం చొప్పున చూడాలని కోరుతున్నాను.