సోమాటిక్ మూవ్‌మెంట్ టీచర్లకు ఏది మేలు: గిల్డా, ఇస్మెటానా, మసాజ్ లైసెన్సా?

సోమాటిక్ మూవ్‌మెంట్ అంటే తన ఒంటి కదలికలను తానే గమనించుకోవడం నేర్పే పద్ధతులు. అమెరికాలో వాటిలో ఫెల్డెన్‌క్రైస్, బాడీ-మైండ్ సెంటరింగ్ లాంటి శిక్షణ పూర్తిచేసిన మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: ఫెల్డెన్‌క్రైస్ టీచర్ల వృత్తిసంఘమైన గిల్డ్‌లో చేరాలా, సోమాటిక్ టీచర్ల రిజిస్ట్రీ అయిన ఇస్మెటాలోనా, మసాజ్ లైసెన్సు తీసుకోవాలా? జవాబు కంటే ముందు ఒకటి తేల్చుకోండి: పాఠంలో ఎదుటివాళ్లను చేత్తో తాకుతారా?

చాపల మీద పడుకోబెట్టి నోటిమాటతో గ్రూపు క్లాసు నడిపేవాళ్లకు లైసెన్సు గొడవ పెద్దగా లేదు. బల్ల మీద పడుకోబెట్టి పక్కటెముకల కింద చెయ్యి ఆనించారా, చాలా రాష్ట్రాల్లో మసాజ్ చట్టం అడ్డొస్తుంది. అందులో మినహాయింపుల సెక్షన్ వెతకండి. సాధారణంగా మూడు షరతులుంటాయి. కదలికల అలవాట్లపై ఎరుక కలిగించడానికే తాకాలి. ఆ పనిని మసాజ్ అని చెప్పకూడదు, అలా అనిపించనూ కూడదు. మీ వృత్తిసంఘమో గుర్తింపు సంస్థో మిమ్మల్ని అర్హులుగా ఒప్పుకుని ఉండాలి. జనం ఎక్కువగా జారేది రెండో షరతు దగ్గర. బుకింగ్ యాప్‌లో తగిన విభాగం దొరక్క ‘మసాజ్’ అన్నదే నొక్కేస్తారు. ఫిర్యాదు వచ్చిన రోజున ఆ స్క్రీన్‌షాట్ ఒక్కటి చాలు. కొన్ని ఊళ్లలో మసాజ్ గదులకు విడిగా పర్మిట్ ఉంటుంది, అదీ చూసుకోండి.

ఇక మూడో షరతు. ఫెల్డెన్‌క్రైస్ శిక్షణ అంటే కనీసం 800 గంటలు, 160 రోజులు, మూడు నాలుగేళ్లు. ఆ పేరు సర్వీస్ మార్క్ (సేవలకు ఉండే ట్రేడ్‌మార్క్) కాబట్టి, దాన్ని వాడాలంటే గిల్డ్ సర్టిఫికెట్ తీసుకోక తప్పదు. కాకపోతే ఆ గుర్తింపు ఆ ఒక్క పద్ధతి వరకే. రెండు మూడు పద్ధతులు కలిపి నేర్పేవాళ్లకు 1988లో మొదలైన ఇస్మెటా మేలనే నేనంటాను. వేర్వేరు పద్ధతులకు ఉమ్మడి రిజిస్ట్రీ, పరిధి ఏమిటో రాసిపెట్టిన నియమావళి ఉన్నాయి. అది ఇచ్చే గుర్తింపుల్లో ఆర్‌ఎస్‌ఎంఈ అంటే రిజిస్టర్డ్ సోమాటిక్ మూవ్‌మెంట్ ఎడ్యుకేటర్, ఆర్‌ఎస్‌ఎంటీ అంటే రిజిస్టర్డ్ సోమాటిక్ మూవ్‌మెంట్ థెరపిస్ట్. అయితే ఇది ప్రైవేటు రిజిస్ట్రీ. కార్డు మీద ‘రిజిస్టర్డ్’ అని వేసుకోవచ్చు గానీ ‘లైసెన్స్‌డ్’ అని మాత్రం వేయకండి.

మసాజ్ లైసెన్సుకు టెక్సస్‌లో 500 గంటలు, న్యూయార్క్‌లో 1000 గంటలు చదవాలి. మీ రాష్ట్రంలో మినహాయింపే లేకపోతే తప్ప అటు వెళ్లనక్కర్లేదు.

హైదరాబాద్ తిరిగొచ్చి క్లాసులు పెడదామనుకునేవాళ్లకు ఒక మాట. మన దేశంలో 2021 నాటి అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టం జాబితాలో ‘మూవ్‌మెంట్ థెరపిస్ట్’ ఉంది. ‘థెరపిస్ట్’ అంటే ఆ చట్టం పరిధిలోకి రావచ్చు కాబట్టి ఇక్కడ బోర్డు మీద ‘ఎడ్యుకేటర్’ అనే రాయించండి.