టాబ్లెట్టా, ల్యాప్‌టాపా? పెళ్లికార్డుల పనికి ఏది మేలు

"మావయ్యా, బొమ్మలకీ డీటీపీకీ కలిపి ఒక్కటే కొనగలను. ఐప్యాడ్ కొననా, ల్యాప్‌టాప్ కొననా?" అని మేనల్లుడు ఫోన్ చేశాడు. నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో పెళ్లికార్డులు డిజైన్ చేస్తాను. నా బల్ల మీద రెండూ ఉన్నాయి.

బొమ్మ వేయాలంటే టాబ్లెట్టే. మొన్న ఒక కార్డుకి పల్లకీ మోస్తున్న బోయీలను వేశాను. బరువుకి భుజం దిగే చోట పెన్ను నొక్కితే గీత లావెక్కింది, మోచేతి దగ్గర తేలిగ్గా వదిలితే సన్నబడింది. మౌస్‌తో ఆ వంపు నాకు ఏనాడూ రాలేదు. పైగా ప్రొక్రియేట్ అనే బొమ్మలేసే యాప్‌కి ఒక్కసారి డబ్బు కడితే చాలు, నెలనెలా చందా ఉండదు. అయితే అది ఐప్యాడ్‌లోనే నడుస్తుంది, యాపిల్ పెన్సిల్ విడిగా కొనుక్కోవాలి. సామ్‌సంగ్ ట్యాబ్ ఎస్9 ఎఫ్ఈ లాంటివాటికి పెన్ను పెట్టెలోనే వస్తుంది. కరెంటు పోయినా పని ఆగదు. 2018లో తిత్లీ తుఫాను చూసినవాళ్లకి అదెంత పెద్ద సుఖమో చెప్పక్కర్లేదు.

చిక్కంతా అక్షరాల దగ్గరే. మా కార్డుకి ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఒడియా ఉండాలి. ప్రెస్సుల్లో తెలుగుకి అను ఫాంట్లు, ఒడియాకి ఆకృతి ఇంకా నడుస్తున్నాయి. అవి యూనికోడ్ (అన్ని పరికరాలూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) రాకముందు పద్ధతివి, విండోస్ కోసం చేసినవి. ఆ మేటర్‌ని టాబ్లెట్‌లో తెరిస్తే పెళ్లికొడుకు పేరుండాల్సిన చోట గజిబిజి గుర్తులు కనిపిస్తాయి. మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లతో టాబ్లెట్‌లోనూ చక్కగా కూర్చవచ్చు. కానీ పార్టీ తెచ్చిచ్చే పాత ఫైల్ అనులోనే ఉంటుంది. ఒకసారి అక్షరాలను బొమ్మగా మార్చి టాబ్లెట్‌లోకి తెచ్చుకున్నాను. రాత్రి పదింటికి ముహూర్తం మారిందని ఫోన్ వచ్చింది. నాలుగు అంకెలు మార్చడానికి కార్డంతా మళ్లీ కూర్చాల్సి వచ్చింది. తెల్లారితే ప్రింటింగు, ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది.

అందుకే వాడికి విండోస్ ల్యాప్‌టాపే కొనమన్నాను. దానికి యూఎస్‌బీతో తగిలించే చిన్న పెన్ టాబ్లెట్, అంటే పెన్నుతో గీసే తెర లేని పలక, తీసుకోమన్నాను. ఐప్యాడ్ ధరతో పోలిస్తే దాని ఖర్చు చాలా తక్కువ. చెయ్యి బల్ల మీద, చూపు తెర మీద ఉంటాయి కాబట్టి మొదట్లో గీత వంకర పోతుంది. ఓపిక పడితే కుదురుతుంది. కథలకి బొమ్మలు వేయడమే వాడి బతుకుతెరువైతే మాత్రం ఐప్యాడే కొనమనేవాణ్ని. కానీ వాడి చేతికి ముందు వచ్చేవి పెళ్లికార్డులే.